‘మెయిల్ పోలేదు’: ముందు లాగ్, తర్వాతే సెట్టింగ్

సోమవారం పొద్దున పదింటికి, చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పాతికమంది పనిచేసే, సొంత మెయిల్ సర్వర్ ఉన్న ఒక ఆఫీసు అనుకుందాం. యజమానులది నెల్లూరు వైపు, స్టాఫ్‌లో సగం తెలుగువాళ్ళు సగం తమిళులు, వ్యాపారం ఎక్కువగా వైజాగ్, హైదరాబాద్ పార్టీలతో. అకౌంట్స్‌లో కూర్చునే ఆవిడ సిస్టమ్స్ చూసే కుర్రాణ్ణి పిలిచి, “బాబూ, వైజాగ్ పార్టీకి శుక్రవారం పంపిన కొటేషన్ రాలేదంట, నాకేమో సెంట్‌లో కనిపిస్తూనే ఉంది, వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, కాస్త చూడు” అంటుంది. “ఇప్పుడే చూస్తానక్కా” అని అతను సర్వర్ ముందు కూర్చుంటాడు. తర్వాతి పది నిమిషాల్లో అతను దేని మీద చెయ్యి వేస్తాడన్నదాన్ని బట్టే ఈ గొడవ మధ్యాహ్నానికి తేలుతుందో వారం రోజులు సాగుతుందో ఉంటుంది.

చాలా ఆఫీసుల్లో ముందు జరిగేది సర్వర్ రీస్టార్ట్. అది పనిచేయకపోతే ఫైర్‌వాల్ ఆపేయడం, పాస్‌వర్డ్ మార్చడం, నెట్‌లో ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు తెచ్చి కాన్ఫిగరేషన్‌లో అతికించడం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అలా తిరిగితే సాయంత్రానికి అసలు తప్పు అలాగే ఉంటుంది, దానికి కొత్తవి రెండు తోడవుతాయి, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో చెప్పగలిగేవాళ్ళు ఉండరు. బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ మెయిల్‌కి ఏం జరిగిందో సర్వర్ శుక్రవారమే తన లాగ్‌లో, అంటే తను చేసిన పనులన్నీ రాసుకునే ఫైల్‌లో, ఒక లైన్ రాసి పెట్టి ఉంటుంది. ఎవరూ తెరిచి చూడరు, అంతే.

‘పోలేదు’ అనే ఒక్క మాటలో మూడు వేరువేరు విషయాలు దాక్కుని ఉంటాయి. మెయిల్ పంపేవాళ్ళ కంప్యూటర్ నుంచి సర్వర్‌కే చేరకపోవడం ఒకటి, అప్పుడది అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. సర్వర్‌కి చేరి, అక్కణ్ణుంచి బయటకి వెళ్ళలేక క్యూలో (పంపాల్సినవి వరసలో ఆగే చోట) పడి ఉండటమో తిరిగి రావడమో రెండోది. అవతలి సర్వర్ తీసుకున్నాక కూడా మనిషి కంటికి కనపడకపోవడం మూడోది. సెంట్ ఫోల్డర్‌లో కనపడుతోందంటే మొదటిది కాదని మాత్రమే తేలుతుంది. అంతకుమించి ఆ ఫోల్డర్‌కి ఏమీ తెలియదు, అయినా పంపినవాళ్ళు దాన్నే రుజువుగా చూపిస్తారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

సరుకు లారీలో వేసే ఆఫీసులకి దీన్ని అర్థం చేయించడం సులువు. మాధవరం లారీ ఆఫీసులో బండిల్ అప్పగిస్తే ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ ఇస్తారు. ఆ కాగితం చేతికొచ్చేదాకా సరుకు బాధ్యత మనది, వచ్చాక వాళ్ళది. మెయిల్ సర్వర్ల మధ్య కూడా 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే నియమాల) ప్రమాణం నుంచి ఇదే పద్ధతి. అవతలి సర్వర్ మొత్తం మెయిల్ అందుకుని 250 అనే అంకెతో జవాబిస్తే ‘తీసుకున్నాను, ఇక బాధ్యత నాది’ అని అర్థం, చాలా సర్వర్లు దాని పక్కనే తమ క్యూ నంబర్ కూడా రాసిస్తాయి. అదే ఎల్ఆర్ నంబర్. జవాబు 4తో మొదలైతే ‘ఇప్పుడు కాదు, మళ్ళీ రా’ అని. 5తో మొదలైతే ‘తీసుకోను’ అని. ఈ మొదటి అంకె చూడకుండా చేసే వైద్యమంతా రోగం ఒకటి మందు ఒకటి అన్నట్టే ఉంటుంది.

చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌నే తీసుకుంటే, పంపిన ప్రతి మెయిల్‌కీ లాగ్‌లో ఒక లైన్ పడుతుంది. తేదీ, టైము, క్యూ నంబర్, ఎవరికి, రిలే అనే చోట ఏ సర్వర్‌తో మాట్లాడిందో, ఆలస్యం ఎంతో, చివర స్టేటస్. స్టేటస్ మూడు రకాలుగా కనిపిస్తుంది: సెంట్, డిఫర్డ్, బౌన్స్డ్. దాని తర్వాత బ్రాకెట్లో ఉండే వాక్యం, కనెక్షన్ కుదిరి ఉంటే, అవతలి సర్వర్ చెప్పిన మాట, అక్షరం పొల్లుపోకుండా. ఆ వాక్యాన్ని సగం చదివి వదిలేయకూడదు, ఎందుకంటే అసలు కారణం తరచూ రెండో సగంలో ఉంటుంది. ఆలస్యం దగ్గర గీతలతో విడదీసిన నాలుగు అంకెలు కూడా చాలా చెబుతాయి: పంపే వంతు రాకముందు గడిచిన టైము, క్యూలో వంతు కోసం ఆగింది, అవతలి సర్వర్‌తో కనెక్షన్ కుదరడానికి పట్టింది, మెయిల్‌ని దాటించడానికి పట్టింది. మూడో అంకె పెద్దదైతే లైన్‌నో డీఎన్ఎస్‌నో (పేరుని బట్టి అడ్రస్ వెతికిపెట్టే వ్యవస్థ) అనుమానించాలి. నాలుగోది పెద్దదైతే అటాచ్‌మెంట్ బరువో, అవతలివాళ్ళు స్కాన్ చేయడానికి పట్టిన టైమో అయ్యుంటుంది.

కంప్యూటర్ నుంచి సర్వర్‌కే చేరని కేసులు తొందరగా తేలిపోతాయి. 535 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. సర్వర్ తన గుర్తింపు రుజువుగా చూపే సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉండొచ్చు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు ఎక్కువలో ఎక్కువ 90 రోజులకే అయిపోతాయి కాబట్టి ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యాక మెయిల్ సర్వర్ దాన్ని మళ్ళీ లోడ్ చేసుకుందో లేదో చూడాలి. పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్ళే నంబర్ వేసిన దారి లాంటిది) 587కో 465కో బదులు, సర్వర్లు తమలో తాము వాడుకునే 25 పెట్టి ఉన్నా ఇబ్బందే. ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ‘రిలే యాక్సెస్ డినైడ్’ అని వస్తే, లాగిన్ కాకుండా బయటి అడ్రస్‌కి పంపుతున్నారని అర్థం, పంపే ప్రోగ్రామ్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెడితే సరిపోతుంది. అలా చేయకుండా నమ్మకమైన నెట్‌వర్క్‌ల లిస్టులో ప్రపంచంలోని ఐపీలన్నీ (ఇంటర్నెట్‌లో మెషీన్లకి ఉండే నంబర్ అడ్రస్‌లు) వచ్చేలా రాసేస్తే ఎర్రర్ వెంటనే పోతుంది, ఆ సర్వర్ మాత్రం దారినపోయే ప్రతి స్పామర్‌కీ తెరిచిన తలుపైపోతుంది. అలాంటి సర్వర్లని వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఎంత తొందరలో ఉన్నా, యజమాని పక్కన నిలబడి చూస్తున్నా, ఆ పని చేయకూడదు.

సర్వర్ నుంచి బయటకి వెళ్ళే దారి ఇంకా పెద్ద కథ. రిలే దగ్గర ‘నన్’ అని, పక్కన ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని, అదీ జీమెయిల్‌కీ యాహూకీ వైజాగ్ పార్టీకీ ఒకేలా వస్తోందంటే పోర్ట్ 25 బయటకి మూసి ఉందని దాదాపు ఖాయం. స్పామ్ ఆపడానికి ఇంటర్నెట్ కంపెనీలు చాలా ప్లాన్లలో ఆ పోర్ట్‌ని మూసేస్తాయి, గూగుల్ క్లౌడ్, అమెజాన్, అజూర్ లాంటి క్లౌడ్‌లలోనూ మామూలుగా మూసే ఉంటుంది లేదా అడిగితేగానీ తెరవరు. సర్వర్ నుంచే ఏదైనా పెద్ద మెయిల్ కంపెనీ సర్వర్‌కి పోర్ట్ 25 మీద టెల్‌నెట్ అనే కమాండ్‌తో కనెక్ట్ చేసి చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది, 220తో పలకరింపు వస్తే దారి తెరిచి ఉన్నట్టే. ఒకే ఒక్క డొమైన్‌కి వెళ్ళడం లేదు, మిగతావన్నీ వెళ్తున్నాయంటే అప్పుడు మన సర్వర్ జోలికి పోకుండా వాళ్ళవైపు చూడాలి.

ఎక్కువ రోజులు వృథా అయ్యేది రివర్స్ డీఎన్ఎస్ దగ్గర. మెయిల్ తీసుకునే సర్వర్ ముందు చూసేది ఎదుటి ఐపీ అడ్రస్‌కి పేరు ఉందా అని, ఆ పేరుని మళ్ళీ వెతికితే అదే ఐపీ వస్తుందా అని. ఆ పేరు చెప్పేది పీటీఆర్ రికార్డు. డొమైన్ కొన్నచోట ఉన్న డీఎన్ఎస్ ప్యానెల్‌లో దాన్ని పెట్టబోతే పని జరగదు, గంటల తరబడి అక్కడే కుస్తీ పట్టేవాళ్ళు ఉన్నారు. ఐపీ ఎవరి సొత్తో పీటీఆర్ వాళ్ళే పెట్టాలి, అంటే ఇంటర్నెట్ లైన్ ఇచ్చిన కంపెనీ. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి “రివర్స్ డీఎన్ఎస్” అంటే ఎక్కువసార్లు “మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి” అనే జవాబు వస్తుంది. అందుకే స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఐపీ), దానికి పెట్టాల్సిన పూర్తి సర్వర్ పేరు రెండూ రాసి టెక్నికల్ టీమ్‌కి మెయిల్ పెట్టడం మేలు, ఆ మెయిల్‌ని వేరే అకౌంట్ నుంచి పంపాలన్నది గుర్తుంచుకోవాలి. అదే పేరు సర్వర్ పలకరింపులోనూ ఉండాలి. ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచీ ‘లోకల్‌హోస్ట్ డాట్ లోకల్‌డొమైన్’ అని పరిచయం చేసుకుంటున్న సర్వర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. లైన్‌కి ఐపీవీ6 (కొత్త రకం పొడవాటి ఐపీ అడ్రస్) కూడా ఉంటే ఇంకో చిక్కు: సర్వర్ చెప్పాపెట్టకుండా ఆ దారిన వెళ్తుంది, దానికి పీటీఆర్ ఉండదు, జీమెయిల్ 5.7.25 అనే కోడ్‌తో వెనక్కి కొడుతుంది. ఐపీవీ6కి అన్నీ సరిగ్గా పెట్టేదాకా పోస్ట్‌ఫిక్స్‌ని పాత రకం ఐపీవీ4 మాత్రమే వాడమనడం మంచిది.

బ్లాక్‌లిస్టు (మెయిల్ తీసుకోకూడని ఐపీల జాబితా) మాట వింటే యజమానులకి టెన్షన్ మొదలవుతుంది, కానీ ఏ లిస్టో చూసుకోవాలి. ఇలాంటి లిస్టులు నడిపే స్పామ్‌హౌస్ వాళ్ళ పీబీఎల్ అనే లిస్టులో ఉండటం నేరం చేసినట్టు కాదు, ఆ ఐపీ ఇళ్ళకిచ్చే రకానిది, దాన్నుంచి నేరుగా మెయిల్ రాకూడదు అని మాత్రమే దాని అర్థం. వాళ్ళదే ఇంకో లిస్టు ఎక్స్‌బీఎల్‌లో ఉంటే సంగతి వేరు, ఆ ఐపీ వెనకాల వైరస్ పట్టిన మెషీన్ ఉన్నట్టు. ఆఫీసు మొత్తం ఒకే ఐపీతో బయటకి వెళ్తుంది కాబట్టి మెయిల్ సర్వర్ శుభ్రంగా ఉన్నా, స్టోర్స్‌లో మూల పడున్న పాత కంప్యూటర్ చేసిన పాపం దానికి చుట్టుకుంటుంది. రౌటర్‌లో ఒక్క రూల్ పెట్టి, మెయిల్ సర్వర్ తప్ప లోపలున్న ఏ మెషీనూ పోర్ట్ 25 మీద బయటకి పోకుండా చేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. మెషీన్ శుభ్రం చేయకుండా పేరు తీసేయమని అడిగితే, తీసేసిన మర్నాడే మళ్ళీ ఎక్కుతుంది.

పాస్‌వర్డ్ పోయిన అకౌంట్ కూడా ఇదే చోటికి తెస్తుంది. ఉన్నట్టుండి క్యూలో వేల మెయిళ్ళు కనిపించాయంటే, లాగ్‌లో లాగిన్ అయిన పేరు చూస్తే ఏ అకౌంట్ నుంచి పోతున్నాయో తెలుస్తుంది. అప్పుడు క్యూ మొత్తం ఊడ్చేయకూడదు, మధ్యలో నిజమైన ఇన్‌వాయిస్‌లు ఉంటాయి. ఆ ఒక్క అకౌంట్‌ని ఆపి, పాస్‌వర్డ్ మార్చి, అప్పటికే లాగిన్ అయి ఉన్న కనెక్షన్లు తెంచి, ఆ అకౌంట్ పంపినవాటిని మాత్రమే తీసేయాలి. ఎవరైనా ఫార్వర్డింగ్ రూల్ పెట్టి పోయారేమో కూడా చూడాలి.

ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే డీఎన్ఎస్ రికార్డు), డీకిమ్ (మెయిల్ మీద సర్వర్ చేసే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండూ సరిపోకపోతే మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) ఈ మూడూ ఒకప్పుడు పెద్ద కంపెనీల వ్యవహారం అనుకునేవాళ్ళు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు గట్టిపరిచాయి. జీమెయిల్ అకౌంట్లకి రోజుకి 5,000 మెయిళ్ళు పంపేవాళ్ళకి మూడూ తప్పనిసరి చేసిన గూగుల్, తక్కువ పంపేవాళ్ళకి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలని, పీటీఆర్ సరిగ్గా ఉండాలని, కనెక్షన్ టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో రావాలని చెప్పింది. రోజుకి 200 మెయిళ్ళు పంపే ఆఫీసుకీ ఇది వర్తిస్తుంది. పెట్టడంలో జరిగే తప్పులు మాత్రం చాలా చిన్నవి. పాత ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండగానే పక్కన ఇంకోటి చేరిస్తే రెండూ చెల్లవు, డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌దొకటి, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌దొకటి అని చేర్చుకుంటూ పోతే డీఎన్ఎస్ వెతుకులాట 10 దాటుతుంది, దాటితే ఎస్‌పీఎఫ్ మొత్తం ఎర్రర్ కింద పోతుంది. 2048 బిట్ల డీకిమ్ కీ ఒక్క ముక్కలో పట్టదు, 255 అక్షరాలకి విడదీయాలి, కొన్ని ప్యానెళ్ళు చెప్పకుండానే తోక కత్తిరిస్తాయి. సంతకం చేసిన తర్వాత మెయిల్ కింద ఆఫీసు డిస్‌క్లైమర్ అతికించే ఏర్పాటు ఉంటే డీకిమ్ చెల్లదు, అతికించడం ముందు, సంతకం తర్వాత జరగాలి.

అటాచ్‌మెంట్ సైజు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫైల్ మెయిల్‌లో వెళ్ళేటప్పుడు మూడో వంతుకి పైగా ఉబ్బుతుంది కాబట్టి 20 ఎంబీ డ్రాయింగ్ 27 ఎంబీ దాటుతుంది, పంపేవాళ్ళకి మాత్రం తమది 20యే కదా అనిపిస్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో ఏమీ మార్చకపోతే పరిమితి 10 ఎంబీ దగ్గరే ఉంటుంది.

క్యూ విషయంలో మాత్రం ఒక సెట్టింగ్ ప్రతి ఆఫీసులోనూ ఇవాళే మార్చాలి. 4తో మొదలయ్యే జవాబు వచ్చిన మెయిల్‌ని పోస్ట్‌ఫిక్స్ 5 రోజుల దాకా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. కొత్తగా కనపడ్డ సర్వర్‌ని కాసేపాగి రమ్మనే గ్రేలిస్టింగ్ లాంటివి ఆ ప్రయత్నంలోనే దాటిపోతాయి, అప్పుడు ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. నిజంగా వెళ్ళలేనిది ఉంటే మాత్రం పంపినవాళ్ళకి ఆ సంగతి తెలిసేది 5 రోజుల తర్వాత, టెండర్ గడువు దాటాక. ఆలస్యం గురించి హెచ్చరించే సెట్టింగ్ మొదట్లో సున్నా, అంటే హెచ్చరిక ఉండదు. దాన్ని 4 గంటలకి మారిస్తే అదే రోజు ‘మీ మెయిల్ ఇంకా వెళ్ళలేదు, ప్రయత్నిస్తున్నాం’ అని కబురు వస్తుంది, అకౌంట్స్ ఆవిడ ఫోన్ ఎత్తి పార్టీకి చెప్పుకోగలుగుతుంది. డిఫర్డ్ అయినవాటిని పదే పదే ఫ్లష్ చేయడం (వెంటనే మళ్ళీ పంపమని తోయడం) వల్ల లాభం లేదు, అవతలివాళ్ళు ఇంకా గట్టిగా ఆపుతారు. మళ్ళీ పంపమని స్టాఫ్‌కి చెప్పడమూ అంతే, దారి తెరుచుకోగానే ఒకే ఇన్‌వాయిస్ మూడుసార్లు పోతుంది, అవతల మూడుసార్లు ఎంట్రీ పడిందంటే అదో కొత్త తలనొప్పి.

ఇక శుక్రవారం నాటి వైజాగ్ కొటేషన్. లాగ్‌లో ఆ అడ్రస్ వెతికితే సాయంత్రం 6:42కి లైన్ దొరుకుతుంది. స్టేటస్ సెంట్. పక్కన 250, వాళ్ళ క్యూ నంబర్. మెయిల్ వెళ్ళింది, వాళ్ళ సర్వర్ తీసుకుంది. ఇక్కడ చాలామంది “మా తప్పేం లేదు” అని లాగ్ మూసేస్తారు. వెళ్ళిందన్నది నిజమే, ఏ దారిన వెళ్ళిందన్నది ఇంకా తేలలేదు. ఆ ఆఫీసుకి రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నాయి. మొదటిది స్టాటిక్ ఐపీ ఉన్న ఫైబర్, పీటీఆర్, ఎస్‌పీఎఫ్ అన్నీ దాని మీదే. రెండోది చవకైన బ్రాడ్‌బ్యాండ్, మొదటిది పడిపోతే రౌటర్ తనంతట తానే దీని మీదకి మారుతుంది. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి ఇలాంటి రెండో లైన్ లేకపోతే పని నడవదు కాబట్టి ఆ ఏర్పాటు చేసినవాళ్ళని తప్పు పట్టలేం. శుక్రవారం ఆరున్నరకి వాన జోరందుకుంది, ఫైబర్ పడిపోయింది, రౌటర్ మారిపోయింది, నెట్ ఆగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కొటేషన్ మాత్రం ఎస్‌పీఎఫ్‌లో లేని ఐపీ నుంచి బయలుదేరింది, డీకిమ్ సంతకం కూడా లేదు. వైజాగ్ సర్వర్ దాన్ని తిప్పికొట్టకుండా తీసుకుని క్వారంటైన్‌లో (అనుమానం ఉన్న మెయిళ్ళని విడిగా ఉంచే చోట) పడేసింది. తిప్పికొట్టి ఉంటే ఆ రోజే తెలిసేది.

రౌటర్ రెండు లైన్లనీ ఒకేసారి పంచి వాడే రకమైతే ఇంకా అయోమయం, ఒకే పార్టీకి ఉదయం మెయిల్ పోతుంది మధ్యాహ్నం పోదు, ఏ సెట్టింగ్ మార్చినా కాసేపు బాగైనట్టే అనిపిస్తుంది. అప్పుడు బౌన్స్ వాక్యంలోని ఐపీ చూడాలి. మెయిల్ ఎవరిదో రుజువు కాలేదని చెప్పే 5.7.26 కోడ్‌తో జీమెయిల్ తిప్పికొట్టేటప్పుడు ఏ ఐపీ నుంచి వచ్చిందో మామూలుగా రాస్తుంది, దాన్ని మన స్టాటిక్ ఐపీతో పక్కపక్కన పెట్టి అంకె అంకె సరిచూస్తే దొరికిపోతుంది. పరిష్కారం రౌటర్‌లో ఉంది: మెయిల్ సర్వర్ నుంచి పోర్ట్ 25 మీద వెళ్ళేది మొదటి లైన్‌లోనే వెళ్ళాలి, అది పడిపోతే ఆగాలి. క్యూ 5 రోజులు కాచుకునేది ఇందుకే, ఫైబర్ రెండు గంటల్లో వచ్చినా రెండు రోజులకి వచ్చినా మెయిల్ క్షేమంగా ఉంటుంది. దానితోపాటు డీకిమ్ పెట్టాలి, సంతకం ఏ లైన్‌లో వెళ్ళినా చెల్లుతుంది. అంత ఆగలేని ఆఫీసు అయితే, మెయిల్‌బాక్సులు తన దగ్గరే ఉంచుకుని, బయటకి పంపడం వరకు డబ్బు తీసుకుని రిలే చేసే సర్వీసుకి పోర్ట్ 587 మీద అప్పగించడం మేలు, దాని పేరు ఎస్‌పీఎఫ్‌లో చేర్చాలి. పాతికమంది ఆఫీసుకి, ఫుల్‌టైమ్ సిస్టమ్స్ మనిషి లేనిచోట, ఇదే సరైన దారి. సొంత ఐపీ మంచిపేరు కాపాడుకోవడం రోజూ చేయాల్సిన పని, ఆ పనికి మనిషి కావాలి.

కుర్రాడు ఆ క్యూ నంబరూ, 6:42 అన్న టైమూ రాసి వైజాగ్ ఆఫీసులో సిస్టమ్స్ చూసే ఆయనకి వాట్సాప్ చేస్తాడు. “మెయిల్ రాలేదు సార్” అంటే ఆయన కూడా ఇన్‌బాక్స్ చూసి లేదనేవాడు. నంబర్ ఉంది కాబట్టి క్వారంటైన్‌లో వెతుకుతాడు, ఐదు నిమిషాల్లో దొరుకుతుంది, రిలీజ్ చేసి హెడర్ (మెయిల్ వచ్చిన దారి రాసి ఉండే పైభాగం) స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. రిసీవ్డ్ అన్న లైన్‌లో ఉన్న ఐపీ స్టాటిక్ ఐపీ కాదు, రెండో లైన్‌ది. కింద ఎస్‌పీఎఫ్ సాఫ్ట్‌ఫెయిల్ అని, అంటే ఆ ఐపీ ఎస్‌పీఎఫ్‌లో లేదని, ఉంటుంది. “అక్కా, కొటేషన్ దొరికింది, వాళ్ళకి చేరింది, ఒకసారి ఫోన్ చేసి రేటు మాట్లాడేయండి” అని చెప్పి అతను రౌటర్ పేజీ తెరుస్తాడు.